నలభై రోజుల లక్క

సుభద్రమ్మ రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. రెంటి మీదా ఒకటే పేరు. జగన్నాథరాజు.

"ఇందులో మావారి సంతకం ఏదో, నువ్వు చేసిన బొమ్మ పెట్టిన సంతకం ఏదో చెప్పమ్మా" అంది.

నూకరత్నం కాగితాలు దగ్గరికి లాక్కుంది. చీమలు బారు తీసినట్టు సన్నటి అక్షరాలు. మొదటి 'జ' కాస్త పెద్దది. చివరి 'జు' దగ్గరికి వచ్చేసరికి కంటికి ఆనడం లేదు. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. గీత మీద గీత కూర్చుంది.

"తెలీడం లేదండి."

"నాకూ తెలీలేదు. నిన్న పింఛను కాగితం మీద ఆయన చేసిన సంతకం చెల్లదన్నారు బ్యాంకులో. పాత సంతకంతో కలవలేదట. కాగితం వెనక్కిస్తే చూశాను కదా, ఎక్కడో చూసిన రాతే అనిపించింది. ఆటోలో సగం దూరం వచ్చాక తట్టింది." సుభద్రమ్మ సంచిలోంచి ఒక డైరీ, దాని వెనకే జేగురు రంగు కొయ్య బొమ్మ తీసింది. "మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది, ఈ రాత!"

అడుగు ఎత్తు బొమ్మ. పీట ముందు కూర్చుని, చేతిలో కలం పట్టుకున్న గుమాస్తా. వీపు వెనక తాళంచెవి తిప్పితే తల వంచి, చెయ్యి కదిపి, పేరు రాసి, తల ఎత్తి చూస్తుంది. రిటైరైన హెడ్మాస్టరు జగన్నాథరాజు రెండేళ్ల కిందట అనకాపల్లి నుంచి వరాహ నది ఒడ్డున ఉన్న ఈ అంకుడుపాలెం వచ్చి, స్వయంగా తన చేతిరాత ఇచ్చి చేయించుకున్నాడు.

రత్నం డైరీ తెరిచింది. బొమ్మ ఇంటికి వెళ్లిన కొత్తలో సుభద్రమ్మ సరదాకి రోజూ పొద్దున్నే దానిచేత ఒక పేజీలో పేరు రాయించింది. మొదటి పేజీలో నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి పెద్ద అక్షరాలు. పదో పేజీకి కాస్త తగ్గాయి. ఇరవయ్యో పేజీకి సగమయ్యాయి. నలభయ్యో పేజీ మీద ఉన్నది సరిగ్గా నిన్నటి బ్యాంకు సంతకం.

"అప్పుడు మాస్టారి రాత ఎలా ఉండేది?"

"ముత్యాల్లా ఉండేది. డైరీ చివర ఫోన్ నెంబర్లు చూడు, ఆయన రాసినవే. ఈ వేసవి నుంచే ఇలా అయిపోయింది." సుభద్రమ్మ నవ్వబోయింది, కుదరలేదు. "బొమ్మ పాడైందని అప్పట్లో నిన్ను తిట్టుకున్నానమ్మా. ఇప్పుడు చూస్తే బొమ్మ ఆయన్ని చూసి నేర్చుకున్నట్టు లేదు. ఆయనే బొమ్మని చూసి నేర్చుకున్నట్టుంది."

*

రేకుల షెడ్డులో కర్రని తిప్పే రెండు లేతు మిషన్లు. ఒకదాని ముందు రత్నం తండ్రి పైడయ్య మెడ వంచి కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్లుగా అదే మెడ, అదే వంపు. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనించాడు. ఒరిపిడి వేడికి లక్క కరిగి, కర్రకి పసుపు రంగు కోక చుట్టుకున్నట్టు అంటుకుంది.

రత్నం గుమాస్తా వీపు తలుపు తీసింది. లోపల గడియారపు స్ప్రింగు, నాలుగు పళ్ల చక్రాలు, మధ్యలో పిడికెడు లావు లక్క డ్రమ్ము. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివిన రత్నం బుర్రలో పుట్టిన డ్రమ్ము అది. మనిషి చేతిలో కలం పెట్టి, ఆ కలానికి మూడు సూదులు తగిలించి, సూదుల్ని వెచ్చటి లక్క మీద ఆనిస్తుంది. మనిషి రాస్తుంటే సూదులు మూడు గాళ్లు గీస్తాయి. ఒకటి అడ్డంగా కదలడానికి, ఒకటి నిలువుగా, ఒకటి కలం ఎత్తి దించడానికి. లక్క గట్టిపడ్డాక అవే గాళ్లలో మూడు పుల్లలు నడిచి బొమ్మ చేతిని ఆడిస్తాయి.

బుర్ర రత్నానిదే గానీ చెయ్యి పైడయ్యది. ఆ డ్రమ్ము మీద లక్క అంతటా ఒకే మందంలో, ఒకే మెత్తదనంలో ఉండాలి. ఎంత వేడిలో పూయాలో ఏ థర్మామీటరూ చెప్పలేకపోయింది. పైడయ్య చూపుడువేలు చెప్పేది. మూడేళ్లు ప్రయత్నించి రత్నం ఒక్క డ్రమ్ముకి కూడా సరైన పూత పెట్టలేకపోయింది.

ఆమె భూతద్దం పెట్టి గాళ్లు చూసింది. మాస్టారు డ్రమ్ముకి చేతిరాత ఇచ్చిన రోజున రాసిన కాగితం ఫైల్లోంచి తీసి పక్కన పెట్టుకుని కొలిచింది. చక్రాల్లో అరుగుదల లేదు. స్ప్రింగు బాగుంది. మారింది గాడి ఒక్కటే. మాస్టారి చేతిలో ఆరోజు కంటికి కనిపించనంత చిన్న వణుకు, చిన్న ముడుచుకోవడం. గాడి అంచున పడ్డ ఆ సన్నటి అలలు ఇప్పుడు పెద్దవయ్యాయి. ఎటు వంగి పడ్డాయో అటే పెరిగాయి.

"నాన్నా, లక్క పగలకుండా కొండగోగు బంక కలిపాం కదా. దాంతో ఎన్నాళ్లు మెత్తగా ఉంటుంది?"

"నలభై రోజులు. ఆ తరవాత రాయే" అన్నాడు పైడయ్య మిషను ఆపకుండా. "ఏటే, ఏటయింది మాస్టారి బొమ్మకి?"

"ఆ నలభై రోజులూ పుల్ల తిరిగినప్పుడల్లా మెత్తటి లక్క కొంచెం కొంచెం జరిగింది. చెయ్యి ఎటు పోతోందో లక్క కూడా అటే పోయింది. కాకపోతే తొందరగా."

"అంతే బొమ్మకి ముందే ముసలితనం వొచ్చీసిందన్నమాట" అని పైడయ్య పకపకా నవ్వాడు.

రత్నం నవ్వలేదు. కాగితం మీద లెక్క వేసింది. బొమ్మకి నలభై రోజులు. మాస్టారికి రెండేళ్లు. బొమ్మకి ఒక రోజు గడిస్తే మనిషికి పద్దెనిమిది రోజులు.

*

అప్పటికి ఆమె అమ్మిన బొమ్మలు పద్నాలుగు. వారం తిరక్కుండా పద్నాలుగు ఇళ్లూ తిరిగింది. బొమ్మ బాగుందో లేదో చూడ్డానికి వచ్చానంది. ముందు బొమ్మచేత, తరవాత మనిషిచేత పేరు రాయించి, రెండు కాగితాలూ సంచిలో వేసుకుంది.

పన్నెండు ఇళ్లలో బొమ్మ రాత యజమాని రాత కంటే కొంచెం ముసలిది. పెద్ద తేడా లేదు, వయసుతో ఎవరికైనా వచ్చేదే. మాస్టారి ఇంటి సంగతి తెలిసిందే. మిగిలింది నర్సీపట్నంలో ఒక వడ్రంగి. రంపం తగిలి అతని చూపుడువేలు తెగిపోయింది. బొమ్మ మాత్రం నిక్షేపంగా రాస్తోంది.

ఆ పద్నాలుగు జతల కాగితాలూ విశాఖపట్నంలో నరాల డాక్టరు కుముదిని బల్ల మీదకి చేరాయి. కుముదిని ముందు చేతి గడియారం చూసుకుంది. ఐదో జతకి గడియారం మరిచిపోయింది. మాస్టారి జత దగ్గర లేచి నిలబడింది.

"అక్షరాలు ఇలా ముడుచుకుపోవడం ఒక జబ్బుకి గుర్తమ్మా. మేం కనిపెట్టేసరికి చాలావరకు చెయ్యి దాటిపోతుంది. ఈ కొయ్య బొమ్మ రెండేళ్ల ముందు చెప్పిందంటావా?"

"నేననడం లేదు మేడమ్. డైరీ అంటోంది."

"వడ్రంగి వేలు పోతుందని మరి ఎందుకు చెప్పలేదు?"

"అతను రాసిన రోజున చేతిలో లేదు కదండీ రంపం. చేతిలో అప్పటికే మొదలైందే లక్కలో పడుతుంది."

కుముదిని కాగితాలు మళ్లీ జతలుగా సర్దింది. "మాస్టారిని రేపే తీసుకురమ్మను, మందులు మొదలుపెడతాను. నీ డ్రమ్ములు ఎనిమిది కావాలి. నాలుగు నా పేషెంట్లవి. నాలుగు ఏ జబ్బూ లేని చేతులవి. నలభై రోజులూ మోటారు పెట్టి తిప్పు. మధ్యలో మాత్రం కలం తగిలించి చూడొద్దు. చూస్తే మన మనసు ఏదో ఒకటి ఊహించేసుకుంటుంది. నలభయ్యో రోజున అందరం కలిసి చూద్దాం."

*

జబ్బు లేని చేతులు మూడు తేలిగ్గానే దొరికాయి. నాలుగో చెయ్యి కోసం రత్నం వెతుక్కోలేదు.

"నాకు రాత రాదు గదే" అన్నాడు పైడయ్య.

"రాయక్కర్లేదు. చిలక గియ్యి."

కుంకుమ బరిణెల మూతల మీద పైడయ్య గీసే చిలక ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ముక్కు దగ్గర మొదలుపెట్టి, కుంచె ఎత్తకుండా, మెడ తిప్పి, రెక్క చుట్టి, తోక దింపి మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చి కలిపేస్తాడు. మొదలెక్కడో చివరెక్కడో వెతికినా దొరకదు.

"డాక్టరమ్మకి మంచి సెయ్యి కావాలా? అయితే ఇంకో సెయ్యి ఎతకడం దండగ" అంటూ కలం పట్టుకుని, సూదుల కింద డ్రమ్ము తిరుగుతుండగా చిలకని గీశాడు. "సూసుకో. వొంద సంవత్సరాలయినా ఇలాగే ఉంతాది."

ఎనిమిది డ్రమ్ములూ అరలోకి ఎక్కాయి. చిన్న మోటారు రోజూ పదింటికి అరగంటసేపు వాటిని తిప్పేది. రత్నం ఆ అర వైపు చూడకుండా ఉండటానికి ఆ వేళకి పనిగట్టుకుని సంతకి వెళ్లొచ్చేది, లేకపోతే కర్ర కొట్టుకి. ఒకసారి ఊరికే నది దాకా నడిచి వెనక్కి వచ్చింది.

నలభయ్యో రోజు కుముదిని కారులో దిగింది. రత్నం ఒక్కో డ్రమ్మునీ బొమ్మలో పెట్టి తాళం తిప్పింది.

పేషెంట్ల రాతలు నాలుగూ చెడ్డాయి. ఒకటి ముడుచుకుంది, ఒకటి రంపపు పళ్లలా వణికింది, రెండు గీత దాటిపోయాయి. కుముదిని నోట్సు రాసుకుంది. మంచి చేతులు మూడు కొద్దికొద్దిగా ముసలివయ్యాయి.

చివరికి పైడయ్య చిలక వచ్చింది. ముక్కు, మెడ, రెక్క, తోక. గీత గీతలో కలిసిపోయింది.

"అద్భుతం!" అంది కుముదిని. "మీ నాన్నగారి చెయ్యి రెండేళ్ల తరవాత కూడా ఇలాగే ఉంటుందన్నమాట."

"నే సెప్పలేదేటి" అన్నాడు పైడయ్య. అతను షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు.

*

డాక్టరు వెళ్లిపోయింది. రత్నం చిలక కాగితం పట్టుకుని అలాగే కూర్చుంది.

ఆరోజు నాన్న గీసిన అసలు చిలక తీసి పక్కన పెట్టింది. బొమ్మ గీసిందే బాగుంది! అసలు దాంట్లో రెక్క మలుపు దగ్గర ఒక చిన్న నొక్కు ఉంది. బొమ్మ గీసిన దాంట్లో ఆ నొక్కు లేదు.

లక్క పెంచుతుంది గానీ తుడిచెయ్యదు. ఇరవై రెండు డ్రమ్ములు చూసింది తను. ఒక్కటీ ఇలా బాగుపడలేదు.

డ్రమ్ము బయటికి తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. మిగతా ఏడూ పక్కన పేర్చింది. ఏడూ బూడిద పూసినట్టు మసకగా ఉన్నాయి. ఎనిమిదోది అద్దంలా మెరుస్తోంది.

అంకుడుపాలెంలో ఏ బొమ్మకైనా ఆఖరి పని మొగలాకు. తిరుగుతున్న లక్క మీద ఎండిన మొగలాకు నొక్కి పట్టుకుంటే ఆ ఒరిపిడికి లక్క మెరుపు తేరుతుంది. మెరుపు రాని బొమ్మ చేతిలోంచి కదలకూడదు. కానీ ఈ డ్రమ్ములకి మాత్రం మొగలాకు తగలకూడదని తనే నియమం పెట్టింది. తగిలితే గాడి అంచుల్లో అలలు చెరిగిపోతాయి.

భూతద్దం పెట్టింది. రెక్క మలుపు దగ్గర ఉన్నది అసలు గాడి కాదు. పాత గాడిని లక్కతో నింపి, కొత్తగా తీసిన గాడి. వెంట్రుక వాసి తేడా లేకుండా పని చేశారు. చేసినవాడు అంతటితో వదిలేసి ఉంటే ఇదీ మిగతా ఏడింటిలాగే మసకగా ఉండేది, భూతద్దం దాకా వచ్చేది కాదు. వదల్లేదు. మెరుగు పెట్టాడు. లక్క పని ముగించి మెరుగు పెట్టకుండా లేవడం ఆ చేతికి రాదు.

ఇంకో విషయం కూడా కనిపించింది. మొగలాకు ఈనెలు లక్క మీద సన్నటి చారలు వదులుతాయి. పైడయ్య ఆకు కుడిచేత్తో పట్టి ఎడమ నుంచి కుడికి జరుపుతాడు. అతని చారలు అటు ఏటవాలుగా ఉంటాయని పుట్టినప్పటి నుంచి చూస్తోంది. ఈ డ్రమ్ము మీద చారలు ఇటు వాలి ఉన్నాయి.

ఎడమచెయ్యి.

నెల రోజులుగా నాన్న తనకంటే ముందే అన్నం తినేస్తున్నాడు. రోజూ ఏదో ఒక వంక. ఆకలేసిందనీ, పని ఉందనీ.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, రెండు కంచాల్లో అన్నం, పప్పు వడ్డించి షెడ్డులోకి తెచ్చింది. ఒకటి తండ్రి ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నే తినీసినానే."

"మళ్లీ తిను. నా ముందు తిను."

పైడయ్య కూతురి మొహం చూశాడు. బల్ల మీద మెరుస్తున్న డ్రమ్ము చూశాడు. కుడిచెయ్యి కంచంలో పెట్టి ముద్ద కలపబోయాడు. బొటనవేలు మిగతా వేళ్లని చేరలేదు. అన్నం మెతుకులు వేళ్ల సందుల్లోంచి జారి కంచంలో పడ్డాయి.

"ఎప్పటినుంచి?"

"రొండు నెల్లు." చెయ్యి ఒళ్లోకి తీసేసుకున్నాడు. "తిమ్మిరనుకున్నాను. వొయిసు గదా అనుకున్నాను."

"డ్రమ్ము ఎప్పుడు చూశావు?"

"ఇరవయ్యో రోజు. నువ్వు సంతకెల్లినావు. కలం తగిలించి తాళం తిప్పినాను." కంచం కాస్త అవతలికి నెట్టాడు. "రెక్క దాకా గీసిందే. మరింక సెయ్యి కిందకి పడిపోయింది. లెగలేదు. నానే పట్టుకుని లేపితే మల్లీ పడిపోయింది. కొయ్య బొమ్మే గదా, అయినా సూడలేకపోయాను."

"అందుకని గాడి మార్చేశావు."

"పాడైన పని బాగు సెయ్యడం ఒక్కటే గదే నాకొచ్చింది!"

రత్నం కళ్లు తుడుచుకుని వేళ్ల మీద లెక్క వేసింది. ఇరవై రోజులంటే మనిషికి ఏడాది. గీసి నలభై రోజులు గడిచాయి. మిగిలింది పదకొండు నెలలు కూడా లేదు.

*

కుముదిని స్కానింగు ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"మెడలో ఎముకలు అరిగి లోపలి నరాల తాడుని నొక్కుతున్నాయి పైడయ్యగారూ. నలభై అయిదేళ్లు మెడ వంచి కూర్చున్నారు కదా. ఇలాగే వదిలేస్తే చేతులు పోతాయి, తరవాత కాళ్లు. ఆపరేషన్ చేసి ఆ నొక్కుడు తీసెయ్యొచ్చు. పోయినంత తిరిగి వస్తుందని మాటివ్వలేను."

పైడయ్య తల అడ్డంగా ఊపాడు. "వొద్దమ్మా. పడిపోద్దని లక్క సెప్పీసింది. మీ కత్తొచ్చి లక్కని మారుస్తాదేటి?"

బస్టాండులో, అనకాపల్లి బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు రత్నం నోరు విప్పింది.

"నాన్నా, నర్సీపట్నం వడ్రంగి బొమ్మ నిక్షేపంగా రాస్తోందని చెప్పాను కదా."

"సెప్పినావు."

"ఎందుకు రాస్తోంది? రంపం సంగతి లక్కకి తెలీదు కాబట్టి. నువ్వు చిలక గీసిన రోజున నీ చేతిలో మెడ నొక్కుడు ఉంది, డాక్టరమ్మ కత్తి లేదు. కత్తి సంగతి లక్కకెలా తెలుస్తుంది?"

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కలేదు. బస్సు వెళ్లిపోయింది.

"అయితే కోయించుకున్నాక మల్లీ గీస్తే లక్క ఏటంతాది?" అన్నాడు పైడయ్య.

"తెలీదు."

"డాక్టరమ్మకి?"

"ఎవరికీ తెలీదు. ఇంతవరకు ఎవరూ చూడలేదు."

"నీకు సూడాలనుందేటి?"

అబద్ధం చెబుదామనుకుంది. "ఉంది నాన్నా. నువ్వు బాగుండాలని ఎంతుందో, అది చూడాలని కూడా అంతుంది. తిట్టుకో."

పైడయ్య ఎడమచేత్తో ఆమె నెత్తిన చిన్న మొట్టికాయ వేశాడు. "దొంగ గుంట. నాకు మాత్రం లేదనుకున్నావా? పద, ఆవిడ ఇంకా ఆస్పటల్లోనే ఉంతాది."

*

ఆపరేషన్ అయిన మూడు నెలలకి పైడయ్య మళ్లీ కలం పట్టుకున్నాడు. బొటనవేలు మిగతా వేళ్లని చేరింది. అంతవరకే. గీసిన చిలక కోడికి తక్కువ, కాకికి ఎక్కువ. రెక్క దగ్గర మూడుసార్లు ఆగాడు. తోక వచ్చి ముక్కుకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

డ్రమ్ము మాత్రం పాతదే. ఆపరేషన్‌కి వెళ్లే ముందు వారం, బొటనవేలు ఆడకపోయినా చూపుడువేలితో వేడి చూసుకుంటూ పైడయ్య పూత పెట్టి ఉంచిన ఆఖరి డ్రమ్ము. రత్నం దాన్ని వెచ్చబెట్టి సూదులు ఆనించింది. గాళ్లు పడని లక్క వెచ్చబెడితే మళ్లీ మెత్తబడుతుంది, నలభై రోజుల లెక్క అక్కడి నుంచే మొదలు.

ఈసారి దాపరికాలు లేవు. రోజూ పదింటికి తండ్రీ కూతురూ బొమ్మ ముందు కూర్చునేవాళ్లు.

మొదటి రోజు కాకి. రెండో రోజు కాకి. నాలుగో రోజు రెక్క దగ్గర బొమ్మ మూడుసార్లు కాక రెండుసార్లే ఆగింది. రత్నం కాగితాలు పక్కపక్కన పెట్టి కొలిచి, మళ్లీ కొలిచి, కుముదినికి ఫోన్ చేసింది.

"మేడమ్, లక్కకి చెడిపోవడం ఒక్కటే తెలుసనుకున్నాం. కాదండీ! చెయ్యి ఎటు వెళ్తుంటే అటు వెళ్తుంది. నాన్న చెయ్యి బాగుపడే వైపు తిరిగింది, లక్క కూడా తిరిగింది."

అవతల కుముదిని కేక పెట్టింది. అంత చదువుకున్న మనిషి అలా కేక పెడుతుందని రత్నం అనుకోలేదు.

పదో రోజు చిలక మెడ వంపు తేరింది. పదిహేనో రోజు బొమ్మ ఆగకుండా రెక్క దాటింది. ఇరవయ్యో రోజు పైడయ్య పొద్దున్నే స్నానం చేసి వచ్చి కూర్చున్నాడు. బొమ్మ చెయ్యి రెక్క దగ్గరికి వెళ్లింది, మలుపు తిరిగింది, కిందకి దిగింది. పడిపోలేదు. పైడయ్య బయటికి వెళ్లి బీడీ వెలిగించుకుని వచ్చాడు.

ఆ రోజు నుంచి అతనికి పంతం పట్టుకుంది. పక్కన కూర్చుని తనూ చిలకలు గీసేవాడు. రోజుకి యాభై. "ఈ గుంటడు నాకంటే ముందెల్లిపోతన్నాడే" అని బొమ్మని తిట్టేవాడు. "ఏరా, రెక్క వొచ్చిందని ఎగిరిపోతావేటి? ఆగు, నానూ వొస్తన్నాను." మందులతో రాత కాస్త పెద్దదైన జగన్నాథరాజు మాస్టారు ఒకసారి భార్యతో వచ్చి, ఈ పోటీ చూసి, పైడయ్య చిలకలకి వరసగా మార్కులు వేసి వెళ్లాడు. ఒక్కదానికీ ముప్పై అయిదు దాటలేదు.

ముప్పయ్యొకటో రోజు తోక ముక్కుకి అంగుళం దూరంలో ఆగింది.

ముప్పై రెండో రోజు కూడా అంగుళమే. ముప్పై మూడు, ముప్పై నాలుగు. రత్నం చక్రాలు విప్పి చూసింది. పుల్లలు మార్చింది. గాడిలో దుమ్ము ఊదింది. నలభయ్యో రోజు లక్క రాయిలా గట్టిపడింది. తోకకీ ముక్కుకీ మధ్య అంగుళం ఖాళీ అలాగే ఉంది.

పైడయ్య పది కాగితాలూ బల్ల మీద వరసగా పరిచి చూశాడు.

"ముప్పై ఒకటి అంతే ఎన్నాళ్లే మనకి?"

"ఏడాదిన్నర."

"ఏడాదిన్నరకి ఇక్కడికొచ్చి ఆగుతాది. అంతేనా?"

"లక్క తప్పచ్చు నాన్నా. ఒక్క మనిషి మీద చూసి..."

"ముద్ద తింతన్నాను. చొక్కా గుండీ పెట్టుకుంతన్నాను. కాళ్లు ఆడతన్నాయి. అది సాలు." తన కుడిచేతి చూపుడువేలు బొటనవేలితో రుద్దుకున్నాడు. "నీకో మాట సెప్పలేదు. ఏలికి వేడి తెలీడం లేదే. కాఫీ గ్లాసు పట్టుకున్నా తెలీడం లేదు. బొమ్మకి వేడి ఎలాగా తెలీదు గదా, అదొక్కటే అది సెప్పలేకపోయింది."

వేడి తెలియని వేలితో పూత లేదు. పూత లేకపోతే డ్రమ్ము లేదు. అరలో ఖాళీ అంకుడు దిమ్మలు తప్ప ఇంకేమీ లేవు. వైజాగ్‌లో డ్రమ్ముల కోసం కాచుకున్న నూట పదిమంది పేర్లతో కుముదిని రాసి పెట్టుకున్న జాబితా ఉంది.

"ఇంకొన్నాళ్లు చూద్దాం. స్పర్శ మెల్లిగా వస్తుందని డాక్టరమ్మ..."

"తప్పని తేలడానికి ఏడాదిన్నర గుమ్మంలో కూర్చోమంతావేటి?" పైడయ్య లేచి లేతు మిషను స్విచ్చి వేశాడు. ఖాళీ దిమ్మ ఒకటి బిగించాడు. గుండ్రంగా తిరగసాగింది. లక్క కడ్డీ ఆమె చేతిలో పెట్టి, ఆమె వెనక నిలబడ్డాడు. "ఆనించు. ఏలు పెట్టు. ఎంత వేడుంది?"

"బాగా ఉంది."

"బాగా అంతే ఏటే? నాకు తెల్దు గదా, నువ్వే సెప్పాలి. సరిగ్గా సెప్పు."

రత్నం వేలు తీసి మళ్లీ పెట్టింది. కళ్లు మూసుకుంది. "పొయ్యి మీంచి దించి కాసేపయిన పాలగిన్నె."

"అంచా, అడుగా?"

"అంచు."

"సాల్దు. ఇంకొంచెం నొక్కు. ఇప్పుడు?"

"అంచు దాటింది. వేలు ఉంచలేకపోతున్నా."

"ఉంచు. తీసెయ్యాలని ఎప్పుడనిపించిందో అప్పుడే పూత మొదలెట్టాలి. నాకూ అలాగే అనిపించేది. ఎల్లు, ఎల్లు, ఆగకు, ఎడమకి..."

లక్క దిమ్మ మీద పాకింది. ఒక చోట మందంగా, ఒక చోట పలచగా. చివర బుడగ లేచి పగిలింది. మిషను ఆగింది. పైడయ్య డ్రమ్ముని కంటికి దగ్గరగా తెచ్చుకుని, ఎడమకీ కుడికీ తిప్పి, వెలుతురులో పెట్టి చూశాడు. ఆమె చేతిలో పెట్టాడు.

"దరిద్రంగా ఉంది" అన్నాడు. "అవతల పారేసి ఇంకోటి ఎక్కించు."